లేదంటే నమ్మారు... ఉందంటే అనుమానించారు!

2020 సెప్టెంబరు 26, శనివారం సాయంత్రం. డొనాల్డ్ ట్రంప్‌ని ఎక్కించుకున్న మెరైన్ వన్ హెలికాప్టర్ వైట్‌హౌస్ పచ్చిక మీద నుంచి పైకి లేచింది. పెన్సిల్వేనియాలోని మిడిల్‌టౌన్‌లో ఎన్నికల సభ ఉంది. అదే సమయంలో చీఫ్ ఆఫ్ స్టాఫ్ మార్క్ మెడోస్‌కి ఒక ఫోన్ వచ్చింది. చేసింది అధ్యక్షుడి వైద్యుడు షాన్ కాన్లీ. అధ్యక్షుణ్ని ఎలాగైనా ఆపాలి, ఆయనకి కొవిడ్ పాజిటివ్ వచ్చింది... ఇదీ ఆ ఫోన్ సారాంశం.

అప్పటికే ఆలస్యమైపోయింది. ఎయిర్‌ఫోర్స్ వన్ విమానంలో ఉన్న ట్రంప్‌కి మెడోస్ ఫోన్‌లో విషయం చెప్పాడు. మొదటి పరీక్ష పాత రకం కిట్‌తో చేసింది కాబట్టి పొరపాటై ఉండొచ్చని, బైనాక్స్ అనే కొత్త కిట్‌తో మళ్లీ చూద్దామని అనుకున్నారు. ముక్కులో మళ్లీ పుల్ల తిప్పారు. కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నాక ఫలితం వచ్చింది. నెగెటివ్! విమానం ఆగలేదు, సభా ఆగలేదు.

ఈ సంగతులన్నీ మెడోస్ తన పుస్తకంలో రాసుకున్నాడు. 2021 డిసెంబరులో అవి బయటికి రాగానే ట్రంప్ అబద్ధపు వార్తలంటూ కొట్టిపారేశాడు. మెడోస్ మాటే నిజమైతే మాత్రం, రెండు పుల్లలు రెండు మాటలు చెప్పినప్పుడు ప్రపంచంలోనే అత్యంత పటిష్ఠమైన భద్రత ఉన్న చోట ఏ మాటకి విలువ ఇచ్చారో ఆ సాయంత్రం తేలిపోయింది. ఆ తర్వాతి వారం రోజుల కథ అంతా దాని చుట్టూనే తిరిగింది.

మూడు కిలోల పెట్టె

అంతకు ఆరు నెలల ముందు సంగతి. కొవిడ్ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూస్తున్న కాలమది. మార్చి 27న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక యంత్రానికి అత్యవసర అనుమతి ఇచ్చింది. దాని పేరు ఐడీ నౌ. తయారీదారు అబాట్ కంపెనీ. బరువు మూడు కిలోలు, బల్ల మీద ఓ మూలన పడుండేంత సైజు. వైరస్ ఉంటే 5 నిమిషాల్లో, లేకపోతే 13 నిమిషాల్లో చెప్పేస్తుంది. మూడు రోజుల తర్వాత, అంటే మార్చి 30న, వైట్‌హౌస్ రోజ్ గార్డెన్‌లో విలేకరుల ముందు ట్రంప్ స్వయంగా ఆ యంత్రాన్ని చూపించాడు. ఏప్రిల్ 2న ఆయనకి దానితోనే పరీక్ష చేశారు. శాంపిల్ తీయడానికి నిమిషం, ఫలితానికి పావుగంట పట్టాయని, వైరస్ లేదని డాక్టర్ కాన్లీ ప్రకటించాడు.

పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. యంత్రం మూత తీసి నారింజ రంగు పాత్రని నారింజ గూటిలో, నీలం పాత్రని నీలం గూటిలో పెట్టాలి. నీలం పాత్రలోని ద్రావణం మూడు నిమిషాలు వేడెక్కుతుంది. ముక్కులో తిప్పిన పుల్లని అందులో ముంచి పది సెకన్లు గిలకొట్టాలి. ఆపైన తెల్లటి కార్ట్రిడ్జ్‌తో ఆ ద్రావణాన్ని ఇటు నుంచి అటు మార్చి మూత వేస్తే చాలు, మిగతాది యంత్రమే చూసుకుంటుంది. ప్రయోగశాలల్లో చేసే ఆర్టీపీసీఆర్ పరీక్షలో వైరస్ జన్యు పదార్థాన్ని రెట్టింపు చేయడానికి శాంపిల్‌ని పదేపదే వేడిచేసి చల్లార్చాలి. ఇక్కడ ఒకే వేడి మీద ఎంజైములు ఆ పని కానిచ్చేస్తాయి. అందుకే అంత వేగం.

ఆ వేగానికి ఒక షరతు ఉంది. కొవిడ్ సోకిందని వైద్యులు అనుమానించినవాళ్ల కోసం ఈ పరీక్ష అని అనుమతి పత్రంలోనే రాశారు. ఏ లక్షణమూ లేకుండా నిక్షేపంలా గేటు దగ్గరికి వచ్చే అతిథిలో వైరస్ ఉందో లేదో తేల్చడానికి ఇచ్చిన అనుమతి కాదది. వైట్‌హౌస్ మాత్రం నెలల తరబడి దాన్ని సరిగ్గా ఆ పనికే వాడింది.

పరీక్షకే పరీక్ష

ఒక ర్యాపిడ్ టెస్టు ఎంత నమ్మదగ్గదో తేల్చాలంటే రెండు ప్రశ్నలు వేయాలి. వైరస్ ఉన్న వందమందిలో ఎంతమందిని పట్టుకుంది? ఇది సెన్సిటివిటీ. వైరస్ లేని వందమందిలో ఎంతమందికి సరిగ్గా ‘లేదు’ అని చెప్పింది? ఇది స్పెసిఫిసిటీ. ఒకే మనిషి దగ్గర ఒకేసారి రెండు శాంపిళ్లు తీసి, ఒకటి ర్యాపిడ్‌కి, ఇంకోటి ఆర్టీపీసీఆర్‌లాంటి పెద్ద పరీక్షకి పంపి పోల్చి చూస్తారు. రెండు అంకెల్లో ఏది తక్కువైనా నష్టమే, కాకపోతే నష్టం తీరు వేరు. స్పెసిఫిసిటీ తగ్గితే ఆరోగ్యవంతుడు ఊరికే గదిలో మగ్గుతాడు. సెన్సిటివిటీ తగ్గితే రోగి పెళ్లి భోజనాల పంక్తిలో కూర్చుంటాడు.

ఐడీ నౌని అలా తూచిన వాళ్లలో ముందువరసలో నిలిచింది ఒహాయోలోని క్లీవ్‌లాండ్ క్లినిక్. వైరస్ ఉందని అప్పటికే తెలిసిన 239 శాంపిళ్లను అక్కడి వైద్యులు ఐదు రకాల పరీక్షలకి పెట్టారు. ఐడీ నౌ వాటిలో 85.2 శాతాన్నే పట్టుకుంది. ఏప్రిల్ మూడో వారంలో ఈ సంగతి బయటికొచ్చింది. శాంపిల్‌ని ద్రావణంలో వేసి పంపితే వైరస్ పలచబడిపోతుందని, పుల్లని నేరుగా యంత్రంలో ముంచాలని అబాట్ వాదించింది, వాడే విధానం పత్రాన్నీ ఆ మేరకు మార్చింది.

మరి నేరుగా ముంచితే? న్యూయార్క్ యూనివర్సిటీ వైద్యకేంద్రం వాళ్లు అదీ చూశారు. సెఫీడ్ కంపెనీ పరీక్ష పాజిటివ్ అన్న శాంపిళ్లలో, ద్రావణంలో తెచ్చినవాటిలో మూడోవంతు ఐడీ నౌ కంటికి ఆనలేదు. పొడి పుల్లలతో ఇంకా ఘోరం, దాదాపు సగం జారిపోయాయి. జర్నల్‌లో అచ్చయిన లెక్క ప్రకారం అది 45 శాతం. శాంపిళ్లని సరిగ్గా వాడలేదంటూ అబాట్ మళ్లీ అభ్యంతరం చెప్పింది. ఎఫ్‌డీఏ మాత్రం ఊరుకోలేదు. ఆ అధ్యయనం బయటపడ్డ వెంటనే, మే 14న, ప్రజలకి హెచ్చరిక జారీ చేసింది. ఈ యంత్రం తప్పుడు నెగెటివ్‌లు ఇవ్వొచ్చని, లక్షణాలుండీ నెగెటివ్ వచ్చినవాళ్లకి మరో పరీక్ష చేయాలన్నది దాని సారం. ఇలాంటి ఫిర్యాదులు అప్పటికే 15 అందాయని కూడా చెప్పింది.

ఇదంతా గుట్టుగా ఏ ప్రయోగశాల మూలనో జరగలేదు. పత్రికల్లో వచ్చింది, టీవీల్లో వచ్చింది. వైట్‌హౌస్‌కి సొంత అనుభవమూ ఉంది. మే 7న ట్రంప్ వ్యక్తిగత సేవకుల్లో ఒకరికి పాజిటివ్ అని తెలిసింది. ఆ మర్నాడే ఉపాధ్యక్షుడి మీడియా కార్యదర్శి కేటీ మిల్లర్‌కి కూడా. రోజూ పరీక్షలు చేస్తుంటే ఆమెకి అన్నాళ్లూ బాగానే వచ్చిందని, ఉన్నట్టుండి పాజిటివ్ అయిందని ట్రంపే విలేకరుల దగ్గర ఆశ్చర్యపోయాడు. అందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. వైరస్ ఒంట్లో చేరిన మొదటి రోజుల్లో ముక్కులో దాని జాడ ఉండదు. ఆపైన శరవేగంగా పెరుగుతుంది. పొద్దున ‘లేదు’ అన్న పరీక్ష అబద్ధం చెప్పకపోవచ్చు. ఆ మాటకి సాయంత్రం దాకా గ్యారంటీ లేదు, అంతే.

తోటలో వేడుక

సెప్టెంబరు 18న సుప్రీంకోర్టు న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ కన్నుమూశారు. ఎన్నికలు ఆరున్నర వారాల్లో ఉన్నాయి. ఎనిమిదో రోజున, అంటే ట్రంప్ మిడిల్‌టౌన్‌కి ఎగిరిన ఆ శనివారమే, ఆ స్థానానికి ఎమీ కోనీ బారెట్ పేరు ప్రకటించడానికి ట్రంప్ రోజ్ గార్డెన్‌లో వేడుక పెట్టాడు. ఐడీ నౌ యంత్రాన్ని లోకానికి చూపించింది కూడా ఈ తోటలోనే.

లోపలికి ఎలా పంపారో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు, క్యాథలిక్ ఫాదర్ జాన్ జెంకిన్స్ తర్వాత తన విద్యార్థులకి రాసిన ఉత్తరంలో వివరించాడు. వచ్చినవాళ్లని మాస్కులతోనే ఒక గదిలోకి తీసుకెళ్లి ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీశారు. ఫలితం వచ్చేదాకా మరో గదిలో కూర్చోబెట్టారు. అందరికీ నెగెటివ్ వచ్చింది, ఇక మాస్కులు తీసేయొచ్చు అన్నారు. తీసేశారు.

ఆనాటి వీడియోలు లోకమంతా చూసింది. కుర్చీకి కుర్చీ ఆనించి వరసలు. మాస్కు ఉన్న మొహాలని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యూటా సెనేటర్ మైక్ లీ ఒక్కొక్కరినీ ఆప్యాయంగా కౌగిలించుకుంటున్నాడు. బయట సభ ముగిశాక కొందరు లోపల గదుల్లోనూ కబుర్లు చెప్పుకొన్నారు.

ఇక్కడ ఓ ఊహాలెక్క వేసి చూద్దాం. అతిథుల్లో ముగ్గురికి వైరస్ ఉందనుకుందాం. పరీక్ష ప్రతి ముగ్గురిలో ఇద్దరిని పట్టగలదనుకుందాం. ముగ్గురికి ముగ్గురూ గేటు దగ్గరే దొరికిపోయే అవకాశం ఎంత? 27 పాళ్లలో 8 పాళ్లు, అంటే 30 శాతం కూడా లేదు. కనీసం ఒక్కడైనా నెగెటివ్ చీటీతో తోటలో అడుగుపెట్టే అవకాశం 70 శాతం పైమాటే. ఆ ఒక్కడికి మాస్కు ఉంటే పరీక్ష లోపాన్ని అది కొంత కాచేది. అందరికీ నెగెటివ్ వచ్చిందని చెప్పి, ఆ కాపు కాసేదాన్ని ముందే తీయించారు.

ఏడు రోజులు

సెప్టెంబరు 29, మంగళవారం. క్లీవ్‌లాండ్‌లో ట్రంప్, జో బైడెన్ మధ్య తొలి చర్చ. అభ్యర్థులు ముందే పరీక్ష చేయించుకుని రావాలన్నది నిబంధన. ట్రంప్ బృందం అక్కడ పరీక్ష చేయించుకునే వేళకి చేరలేదని, మాట మీద నమ్మకంతోనే కానిచ్చారని చర్చ నడిపిన క్రిస్ వాలెస్ తర్వాత చెప్పాడు. హాల్లో ట్రంప్ కుటుంబ సభ్యులు మాస్కులు లేకుండానే కూర్చున్నారు.

30న మినెసోటాలో సభ. తిరుగు ప్రయాణంలో సలహాదారు హోప్ హిక్స్‌కి నలతగా అనిపించింది. అక్టోబరు 1న ఆమెకి పాజిటివ్ వచ్చింది. ట్రంప్ ఆ రోజు కూడా న్యూజెర్సీలోని బెడ్‌మిన్‌స్టర్‌లో విరాళాల సమావేశానికి వెళ్లొచ్చాడు. రాత్రి ఫాక్స్ న్యూస్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్నామన్నాడు. ర్యాపిడ్‌లో పాజిటివ్ అప్పటికే వచ్చిందని, పెద్ద పరీక్ష కోసం ఆగారని వాల్‌స్ట్రీట్ జర్నల్ ఆ తర్వాత రాసింది. అర్ధరాత్రి దాటి ఒంటిగంట కావస్తుండగా తనకీ, భార్య మెలానియాకీ కొవిడ్ అని ట్రంప్ ట్వీట్ చేశాడు. సాయంత్రానికి హెలికాప్టర్‌లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి తరలించారు.

ఒకదాని వెంట ఒకటి పేర్లు బయటికొచ్చాయి. సెనేటర్ మైక్ లీ. మరో సెనేటర్ థామ్ టిల్లిస్. ఫాదర్ జెంకిన్స్. మాజీ సలహాదారు కెలీయాన్ కాన్వే. మీడియా కార్యదర్శి కేలీ మెకనానీ. ట్రంప్‌ని చర్చకి సిద్ధం చేసిన న్యూజెర్సీ మాజీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఏడు రోజులు ఐసీయూలో ఉండాల్సి వచ్చింది. లోపల ఉన్నవాళ్లందరికీ రోజూ పరీక్షలు జరుగుతున్నాయి కదా అని ధీమాతో మాస్కు పెట్టుకోలేదని, అది తప్పేనని కోలుకున్నాక ఆయనే బాహాటంగా ఒప్పుకున్నాడు.

ఎవరి నుంచి ఎవరికి సోకిందన్నది తేలనేలేదు. తోటకి వచ్చిన అతిథుల మధ్య వైరస్ దారిని వెతికే పని వైట్‌హౌస్ చేయించలేదు. అక్కడ జరిగింది పెద్ద ఎత్తున వైరస్‌ని వ్యాపింపజేసిన వేడుకేనని అంటువ్యాధుల నిపుణుడు ఆంథోనీ ఫౌచీ అక్టోబరు 9న తేల్చిచెప్పాడు.

నీలిగీత, గులాబీగీత

మరి విమానంలో ట్రంప్‌కి ఊరటనిచ్చిన ఆ బైనాక్స్ సంగతేంటి? అదీ అబాట్‌దే. ఏటీఎం కార్డంత అట్టముక్క, అప్పటి ధర 5 డాలర్లు. ఆగస్టు 26న అనుమతి వస్తే, మర్నాడే అమెరికా ప్రభుత్వం 15 కోట్ల కిట్లకి 76 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించింది. జన్యు పదార్థాన్ని రెట్టింపు చేసి చూడటం ఇందులో ఉండదు. వైరస్ ప్రొటీన్ ఉంటే గీత పడుతుంది. పుల్లని ఒక్కో ముక్కు రంధ్రంలో కనీసం ఐదుసార్లు తిప్పాలి. కార్డు పైచిల్లులో ఆరు చుక్కలు వేసి, కింది చిల్లులోంచి పుల్లని పైకి తోసి, మూడుసార్లు తిప్పి, పుస్తకంలా మూసేయాలి. పావుగంటకి నీలిగీత గులాబీ రంగులోకి మారితే కార్డు సరిగ్గా పనిచేసినట్టు. పక్కన రెండో గీత కూడా పడితే పాజిటివ్. ముక్కులో వైరస్ తక్కువగా ఉంటే ఆ రెండో గీత పడదు.

మొదట అనుమతి పొందినప్పుడు కంపెనీ చూపిన సెన్సిటివిటీ 97.1 శాతం. అది వందమంది చిల్లర మీద, అదీ లక్షణాలు మొదలై ఏడు రోజుల్లోపు ఉన్నవాళ్ల మీద తేల్చిన లెక్క. ఎక్కువమందిని చేర్చాక కంపెనీ చెప్పిన అంకే 84.6కి దిగింది. ఇక జనం మధ్యలో చూస్తే? ఆ నవంబరులో అరిజోనా రాష్ట్రం పీమా కౌంటీలో 3,419 మంది దగ్గర పుల్లలు రెండేసి తీశారు. ఒకటి బైనాక్స్‌కి, ఇంకోటి ఆర్టీపీసీఆర్‌కి. ఫలితాల్ని 2021 జనవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ ప్రచురించింది. లక్షణాలున్న వాళ్లలో కార్డు పట్టింది 64.2 శాతాన్ని. లక్షణాల్లేని వాళ్లలో 35.8 శాతాన్నే. అంటే ఏ లక్షణమూ లేని ముగ్గురు వైరస్‌వాహకుల్లో ఇద్దరికి ‘నీకేం లేదు పో’ అని చెప్పింది.

అలాగని కార్డుని చెత్తబుట్టలో పారేయాల్సిన పని లేదని అదే అధ్యయనం చెప్పింది. ప్రయోగశాలలో సజీవ వైరస్‌ని పెంచగలిగిన శాంపిళ్లని వేరుచేసి చూస్తే, లక్షణాలున్న వాళ్లలో 92.6 శాతాన్ని, లేనివాళ్లలో 78.6 శాతాన్ని కార్డు పట్టుకుంది. ఎదుటివాళ్లకి అంటించే దశలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది దొరుకుతారన్నమాట. పైగా వైరస్ లేనివాళ్లని ఉందని బెదరగొట్టింది దాదాపు శూన్యం, స్పెసిఫిసిటీ 99.8 నుంచి 100 శాతం.

ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే నియమం దానంతటదే బయటపడుతుంది. ఇలాంటి ర్యాపిడ్ పరీక్ష ‘ఉంది’ అంటే నమ్మాలి. ‘లేదు’ అంటే అనుమానించాలి. తోటలో ‘లేదు’ని నమ్మి మాస్కులు తీయించారు. మెడోస్ రాసిందే జరిగి ఉంటే, ఆకాశంలో ‘ఉంది’ని అనుమానించి, లక్షణాల్లేని వాళ్లలో మూడింట రెండొంతుల కేసుల్ని వదిలేసే కార్డు తెచ్చి దాని ‘లేదు’తో మొదటి మాటని కొట్టేశారు. రెండుచోట్లా నియమాన్ని తలకిందులు చేశారు. తన చుట్టూ ఉన్నవాళ్లని మాత్రం ట్రంప్‌కి పాజిటివ్ ఉన్నట్టే భావించి జాగ్రత్తగా ఉండమన్నానని మెడోస్ రాసుకున్నాడు. సభలకి వచ్చిన జనానికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

మన కాగితం మీద ముందే ఉంది

ఈ నియమం కనిపెట్టడానికి ధనిక దేశాలే అక్కర్లేదు. రోజ్ గార్డెన్ వేడుకకి మూడు నెలల ముందే, 2020 జూన్ 14న, భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దాన్ని రాసి పెట్టింది. కొరియా కంపెనీ ఎస్‌డీ బయోసెన్సర్ హరియాణాలోని మానేసర్‌లో తయారుచేసే స్టాండర్డ్ క్యూ ర్యాపిడ్ కిట్‌ని ఐసీఎంఆర్, దిల్లీ ఎయిమ్స్ తూచి చూశాయి. స్పెసిఫిసిటీ 99.3 నుంచి 100 శాతం. సెన్సిటివిటీ మాత్రం ముక్కులో వైరస్ ఎంతుందన్న దాన్నిబట్టి 50.6 నుంచి 84 శాతం. ఆ అంకెల్ని దాచకుండా చెప్పి, ఐసీఎంఆర్ ఒకటే షరతు పెట్టింది. పాజిటివ్ వస్తే అదే ఖాయం, మళ్లీ పరీక్ష అక్కర్లేదు. లక్షణాలుండీ నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ తప్పనిసరి.

ఆ జులై నుంచి తెలుగు రాష్ట్రాల్లోనూ పీహెచ్‌సీ వరండాల్లో ఈ కిట్లే కనిపించాయి. కాగితం మీది నియమం జనం నోటికి వచ్చేసరికి సగమే మిగిలింది. ‘ర్యాపిడ్‌లో నెగెటివ్ వచ్చింది’ అన్న మాట దగ్గర వాక్యం ఆగిపోయేది. ‘జ్వరం ఉంది కాబట్టి ఆర్టీపీసీఆర్‌కి వెళ్లాలి’ అన్న రెండో సగం చాలామంది చెవిన పడలేదు, పడినా ఆ క్యూలో నిలబడే ఓపిక లేకపోయింది. 2021 మే నెలలో పుణెకి చెందిన మైల్యాబ్ కంపెనీ 250 రూపాయల కోవీసెల్ఫ్ కిట్‌ని ఇళ్లలో వాడుకోవడానికి అనుమతి పొందినప్పుడు కూడా ఐసీఎంఆర్ అదే షరతు మళ్లీ చెప్పింది.

అమెరికాలో ఎఫ్‌డీఏ 2022 ఆగస్టుకి ఇంకో అడుగు వేసింది. ఇంట్లో చేసుకునే ర్యాపిడ్ పరీక్షల్లో ఒక్క నెగెటివ్‌తో తృప్తిపడొద్దని, లక్షణాలుంటే 48 గంటల ఎడంతో కనీసం రెండుసార్లు, లక్షణాల్లేకుండా కొవిడ్ మనిషి దగ్గర మసిలినవాళ్లు మూడుసార్లు చేసుకోవాలని సూచించింది. ఆ నవంబరులో కిట్లు చేసే కంపెనీలని కూడా ఈ మేరకు లేబుళ్లు మార్చమంది. వైరస్ పెరగడానికి పట్టే కాలాన్ని పరీక్ష లెక్కలోకి తీసుకొచ్చిన మార్పు ఇది.

ఇప్పుడు మందుల షాపులో కొవిడ్‌నీ, ఫ్లూనీ ఒకే పుల్లతో చెప్పే కిట్లు కూడా దొరుకుతున్నాయి. పెట్టె మీద 97, 98 శాతం అని పెద్ద అక్షరాల్లో ఉండొచ్చు. ఎవరి మీద, జ్వరం వచ్చిన ఎన్నో రోజున తేల్చిన లెక్కో చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. కార్డు ‘ఉంది’ అంటే ఆ పూటే వేరే గదిలోకి మారిపోండి. ‘లేదు’ అంటే ఎల్లుండి మళ్లీ చేసుకోండి, అప్పటిదాకా నానమ్మ మంచం పక్కకి వెళ్లకండి.